ఆడవాళ్ల వైపు

“ఒక పక్క మాడింది,” అన్నాడు మామగారు, రొట్టెను వెలుతురుకి ఎత్తి పట్టుకుని.

కోడలు బట్టీలోంచి పొడుగు చెక్క పారను వెనక్కి లాగి, దాని మీదున్న రొట్టెల్ని గుడ్డ పరిచిన బల్ల మీదికి జార్చింది. మాడిందని ఆమెకి తెలుసు. మొన్నటి భూకంపానికి బట్టీ ఎడమ గోడ పైనుంచి కింది దాకా పగిలింది. ఆ పగులును ఆమే బంకమట్టితో మెత్తింది. మెత్తిన పక్క వేడి నిలవదు, రెండో పక్క నిప్పులు చెరుగుతుంది. రొట్టె ఒక చెంప నల్లగానూ ఒక చెంప తెల్లగానూ వస్తోంది. ఊరు మొత్తానికి నిలబడి ఉన్న బట్టీ ఇదొక్కటే గనక అలాగే తినాలి.

“మీ అత్త అయితే మధ్యలో ఒకసారి తిప్పేది.”

“అత్తయ్య తిప్పేటప్పుడు పిండి నేను పిసికేదాన్ని మామయ్యా. ఇప్పుడు పిసికేదీ నేనే, తిప్పేదీ నేనే, కట్టెలు చీల్చేదీ నేనే.”

“ఊరికే అన్నాను.”

“ఊరికే అనే బదులు ఆ కట్టె ఇలా అందివ్వండి.”

ఆయన అందివ్వలేదు. చాకుతో మాడిన భాగం గీకి, ఆ నల్లటి పొడంతా ఆమె అప్పుడే తుడిచిన పిసికే బల్ల మీద రాల్చి, రొట్టె నములుతూ, మూలనున్న చీపురు తీసుకుని బయటికి నడిచాడు. ఇంట్లో ఏనాడూ చీపురు ముట్టుకోని మనిషి! ఇప్పుడు పొద్దున లేస్తే చీపురు పట్టుకుని చర్చికి పోతున్నాడు. నీళ్లు తోడమంటే నడుం నొప్పి, చర్చి ఊడవడానికి మాత్రం ఏ నొప్పీ లేదు. ఆమెకి ఒళ్లు మండింది.

ఆ ఊరి చర్చిలో మగవాళ్లు కుడివైపు, ఆడవాళ్లు ఎడమవైపు కూర్చుంటారు. గంట గోపురం ఉన్నది ఎడమవైపు. గోపురం కట్టిన కొత్తలో గంట మోతకి చెవులు చిల్లులు పడుతున్నాయని మగవాళ్లు కుడివైపుకి జరిగి, ఆడవాళ్లని అటు పంపారని ముసలమ్మలు చెప్పేవారు. మొన్న ఆదివారం, అయ్యగారు ప్రసంగం మధ్యలో ఉండగా భూమి కదిలింది. గోపురం గంటతో సహా ఎడమవైపు కప్పు మీద పడింది. కుడివైపు కప్పు ఒరిగి గోడల మీద ఆగింది. మగవాళ్లు దుమ్ము కొట్టుకుపోయి బయటికి వచ్చారు. వాళ్ల భార్యలూ తల్లులూ అక్కచెల్లెళ్లూ రాలేదు.

ఆడవాళ్లంటూ మిగిలింది ఆ పూట చర్చికి వెళ్లనివాళ్లే. పురుడు పోస్తున్న మంత్రసాని, ఆవిడ చేతిలో బిడ్డను కంటున్న బాలింత, మంచం దిగలేని ముసలమ్మలు, ఈ కోడలు. ఆరాధనలో ప్రభు బల్ల దగ్గర పంచే రొట్టెకి ఆ రోజు పిండి పొంగలేదు. పొంగేదాకా ఆగి, కాల్చి, గుడ్డ కప్పిన బుట్ట చంకన పెట్టుకుని పరుగున వచ్చింది. చర్చి మెట్ల మీద ఉండగా, లోపల్నించి దుమ్ము లేచి ఆమె ముఖాన కొట్టింది.

“రొట్టె వల్ల బతికావమ్మా! ప్రభువు ఎంత ముందుచూపుతో ఆ పిండిని ఆపాడో చూశావా!” అంటున్నారు అందరూ.

మొదట్లో తలూపింది. ఇప్పుడు ఆ మాట వింటే చెక్క పార తిరగేసి ఒకటి వెయ్యాలనిపిస్తోంది. పిండిని ఆపినవాడికి గోపురాన్ని ఆపడం చేతకాలేదా? ఈ మాట పైకంటే అయ్యగారు నొచ్చుకుంటారు. అందుకని పిండి పిసికేటప్పుడు లోపల్లోపలే అనుకునేది. “ప్రభువా, ప్రస్తుతానికి నీకూ నాకూ మాటల్లేవు. ఈ పిండి మాత్రం పొంగనివ్వు,” అనేది. ఈ రోజుల్లో ఆమె చేస్తున్న ప్రార్థన అంతే.

రొట్టెల కోసం వచ్చినవాళ్లు రొట్టెలు తీసుకుని పోతే బాగుండేది. పోరు. “చెల్లెమ్మా, జావలో ఉప్పు ముందు వెయ్యాలా, తర్వాత వెయ్యాలా?” అని ఒకడు. “అమ్మా, దుప్పటి ఉతికితే ఇలా చెక్కలా అయిందేమిటి?” అని ఇంకొకడు. రాళ్ల కిందనుంచి తమవాళ్లని తీసి పూడ్చి వచ్చిన చేతులే అవి, విసుక్కోవడానికి మనసు రాదు. విసుక్కోకుండా ఉండటమూ కుదరదు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగినట్టు ఉంది వరస. ఆమెకి మాత్రం పోలేదా మనిషి? అత్తయ్య పోయింది. ఆ అత్తతో తెల్లారితే తగువే, పిండిలో నీళ్లెక్కువయ్యాయనీ కట్టె పచ్చిదనీ. ఆ తగువు లేకుండా బట్టీ ముందు నిలబడటం ఆమెకి చేతకావడం లేదు. పోనీ కాసేపు కూర్చుని ఏడుద్దామంటే ఎవరో ఒకరు గిన్నె పట్టుకుని గుమ్మంలో ఉంటారు.

ఇప్పుడు గుమ్మంలో ఉన్నది వడ్రంగి. చేతిలో గుండీ ఊడిన చొక్కా, సూది, దారం.

“కుట్టిపెట్టనా ఏమిటి?” అంది, గొంతు తనకే కటువుగా వినిపించింది.

“వద్దు చెల్లెమ్మా, కుట్టుకుంటాను. దారం ఎక్కించి ఇవ్వు చాలు. మా ఆవిడ ఎక్కించి ఇచ్చేది.”

ఊళ్లో ప్రతి తలుపూ ప్రతి బల్లా చేసిన చెయ్యి, ఈ వారంలో శవపేటికలు చేసీ చేసీ వేళ్లు బొబ్బలెక్కిన చెయ్యి, సూది బెజ్జంలోకి దారం ఎక్కించలేకపోతోంది. ఆమె పిండి చేతులు తుడుచుకుని దారం ఎక్కించింది. తన దగ్గరున్న ఇంకో సూదికి కూడా ఎక్కించి అతని కాలరుకి గుచ్చింది, మళ్లీ రావాల్సిన పని లేకుండా. అతను దానికి కూడా కళ్లొత్తుకున్నాడు. ఇలాంటివాళ్లని ఏమని తిడతాం!

పిసికే బల్ల కింద పిచ్చుక ఉంది. కోడలి కూతురు, కడుపులో ఉండగానే తండ్రి పోవడంతో ఆయన ముఖం ఎరగని పిల్ల. సన్నగా, తుర్రుమంటూ ఉంటుందని నానమ్మ పెట్టిన ముద్దుపేరు. భూకంపం రోజున అది నానమ్మ పక్కనే కూర్చుంది. ప్రసంగం సాగేసరికి విసుగెత్తి, నేల మీద పాకుతూ నడవ దాటి తాతయ్య కాళ్ల దగ్గరికి చేరింది. నానమ్మ అటునుంచి చెయ్యి ఊపి రమ్మంది. ఇది రానని తలూపింది. అంతే జరిగింది. ఆ సంగతి తల్లికి ఒకే ఒక్కసారి చెప్పి, ఆపైన ఎత్తలేదు. అప్పట్నించీ బల్ల కిందే దాని కాపురం. నీళ్లకి పంపితే చర్చి వీధిన పోకుండా చుట్టూ తిరిగి వస్తుంది.

సాయంత్రం అయ్యగారు వచ్చారు. విరిగిన చెయ్యి మెడలో కట్టి ఉంది, కళ్లజోడులో ఒక అద్దం లేదు. మామగారు కూడా చీపురుతో తిరిగొచ్చాడు.

“ఆదివారం ఆరాధన చర్చిలోనే పెడదాం,” అన్నారు అయ్యగారు. “రాళ్లు తీసేశారు. ఒరిగిన కప్పు కూడా దించేశారు. ఇంక మీద పడటానికి ఆకాశం తప్ప ఏమీ లేదు.”

నవ్వుతారనుకున్నారు కాబోలు. ఎవరూ నవ్వలేదు.

“పాటలు మాత్రం వద్దనుకుంటున్నాను. మన పాటలన్నీ మగవాళ్లు ఒక వరస, దానికి బదులు ఆడవాళ్లు ఒక వరస. ఇప్పుడు బదులు ఎవరు పాడతారు?”

“ఉన్నవాళ్లు పాడతారు,” అన్నాడు మామగారు.

ఆయన చర్చిలో వరసల పెద్ద. ఏళ్ల తరబడి పొడుగాటి కర్ర పట్టుకుని నడవలో నిలబడి, కునికేవాళ్ల భుజం మీద తట్టి లేపడం, అటు ఇటు పాకే పిల్లల్ని ఎవరి వైపుకి వాళ్లని తోలడం ఆయన పని. బట్టీ పని కొడుకు ఉండగానే వదిలేశాడు గాని ఈ పని వదల్లేదు.

“ఎప్పట్లాగే మగవాళ్లు మగవాళ్ల వైపు, ఆడవాళ్లు ఆడవాళ్ల వైపు. మంత్రసాని ఉంది, బాలింత ఉంది, మా కోడలుంది, పిచ్చుక ఉంది.”

“పిచ్చుక అటు కూర్చోదు మామయ్యా,” అంది కోడలు. “నా దగ్గర గుమ్మంలో కూర్చుంటుంది.”

“ఆడపిల్ల కదా?”

“ఆడపిల్లే. భయపడిన ఆడపిల్ల.”

“అయితే అలవాటు చెయ్యాలి. నానమ్మ పక్కన కూర్చునేది, అక్కడే కూర్చుంటుంది.”

బల్ల కిందనుంచి రెండు చేతులు వచ్చి కోడలి చీలమండను గట్టిగా పట్టుకున్నాయి. ఆమె కదల్లేకపోయింది. చేతిలో పిండి ముద్ద, కాలికి పిల్ల, ఎదురుగా ఈ మనిషి.

“ఆ రోజు మీరు దాన్ని అలవాటు ప్రకారం వెనక్కి తోలి ఉంటే, ఇవాళ అలవాటు చెయ్యడానికి పిల్లే ఉండేది కాదు,” అంది.

మామగారు ఆమెకేసి చూశాడు. మూలనున్న తన కర్ర తీసుకుని వెళ్లిపోయాడు. అంత మాట అన్నందుకు బాధపడదామని చూసింది గాని బట్టీలో రొట్టెలున్నాయి, తిప్పాలి.

“పెద్దాయన దుఃఖంలో ఉన్నాడమ్మా,” అన్నారు అయ్యగారు నెమ్మదిగా. “ఈ ఒక్క ఆదివారం సర్దుకుపో.”

“సర్దుకుపోవడానికి ఊళ్లో నేనొక్కదాన్నే దొరికానా అయ్యగారూ? ఆయన దుఃఖం చీపురు పట్టుకుని ఊరంతా తిరుగుతోంది. నా దుఃఖానికి కూర్చునే తీరిక లేదు. మీరు చెప్పండి ఆయనకి, పిల్లని వదిలెయ్యమని.”

“చెబుతాను. కాని పిల్లకి కూడా నేర్పాలమ్మా, దేవుని మందిరంలో భయమేముంటుంది...”

సరిగ్గా అప్పుడు భూమి చిన్నగా కదిలింది. గోడనున్న చెక్క పార జారి నేల మీద పడింది. అంతే, ఇంకేమీ కాలేదు. చూస్తే అయ్యగారు వీధి మధ్యలో ఉన్నారు. కుర్చీ తిరగబడి ఉంది. ఆయన మంచి చేత్తో కళ్లజోడు సర్దుకుని, “నేను పెద్దాయనతో మాట్లాడతాలే,” అని అటునుంచి అటే వెళ్లిపోయారు.

మాట్లాడారో లేదో గాని మర్నాటికి మామగారు మారలేదు. అసలు కోడలితో మాటే మానేశాడు. మంత్రసాని పిండి జల్లించడానికి సాయం వచ్చి, సంగతంతా విని, జల్లెడ పక్కన పెట్టింది.

“ఆ ముసలాయన కర్ర తీసి బట్టీలో పెట్టు, పీడా పోతుంది. బాగా ఎండిన కర్ర, ఇంత రొట్టె కాలుతుంది.”

“నీకు నవ్వులాటగా ఉంది అక్కా.”

“నవ్వకపోతే ఏం చెయ్యను? నిన్న ఒకాయన వచ్చి, మా ఇంట్లో పప్పు డబ్బా ఎక్కడుంటుంది అని నన్నడిగాడు. ఆయన ఇంట్లో! వాళ్లావిడకి పురుడు పొయ్యడానికి వెళ్లినప్పుడు చూశాను గనక చెప్పాను అనుకో.” ఆవిడ మళ్లీ జల్లెడ ఊపడం మొదలుపెట్టింది. “పిల్లని ఆదివారం బాలింత ఇంట్లో దాచెయ్యి.”

“బాలింత చర్చికి వస్తానంది. బిడ్డకి దీవెన ఇప్పించాలిట. దీన్ని ఒక్కదాన్నీ ఇంట్లో వదిలితే, మళ్లీ భూమి కదిలితే?”

మంత్రసాని మిగిలిన పిండి కూడా జల్లించింది. ఆవిడ వెళ్లాక కోడలు బల్ల కిందికి వంగింది. పిచ్చుక పిండి ముక్కల్ని గుండ్రాలు చేసి రెండు వరసలుగా పేర్చుకుంటోంది.

“ఆదివారం నాతో చర్చికి వస్తావా?”

“ఎటువైపు?”

“ఎటైనా. నేను పక్కనే ఉంటాను. నీ మీద ఏదీ పడనివ్వను.”

“నా మీద కాదు.” పిల్ల ఒక గుండ్రాన్ని ఎడమ వరసలోంచి తీసి కుడి వరసలో పెట్టింది. తర్వాత అరచేత్తో ఎడమ వరసంతా నొక్కేసింది. “నేను ఇటు వచ్చాను, అటు పడింది. మళ్లీ అటు వెళ్లాననుకో, ఇటు పడుతుంది. ఇటు తాతయ్య ఉంటాడు.”

కోడలు అక్కడే నేల మీద చతికిలబడింది. ఇన్నాళ్లూ పిల్ల తన ప్రాణానికి భయపడుతోందనుకుంది. అలా కాదు, నీ వల్ల కాదు, గోపురం బరువుకి పడింది, భూమి కదిలితే పడింది అని చెప్పింది. పిల్ల అంతా శ్రద్ధగా విని, “సరే, కాని నేను వెళ్లను,” అంది.

శనివారం అయ్యగారు మనిషిని పంపారు, సమాధుల దగ్గర చల్లడానికి సున్నం కావాలని. ఊరందరికీ ఉన్న సున్నం వీళ్ల పెరట్లో బానలోదే. చూస్తే బాన లేదు. వెతకాల్సిన పని లేకపోయింది, తెల్లటి చుక్కలు పెరటి గుమ్మం నుంచి వీధిలోకి, వీధిలోంచి చర్చి దాకా దారి చూపించాయి.

ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది. గీత గీస్తున్నాడు, ఇంకేం చేస్తాడు! మగవాళ్ల వైపుకీ ఆడవాళ్ల వైపుకీ మధ్య సున్నంతో గీత గీస్తుంటాడు. చచ్చినవాళ్ల మీద చల్లడానికి లేని సున్నం, బతికినవాళ్లని విడదియ్యడానికి కావాలి. పిండి చేతులతోనే బయల్దేరింది. ఈ వారంలో ఆ మెట్లెక్కడం ఇదే మొదలు. ఎక్కుతున్నానని కూడా ఆమెకి గుర్తు లేదు, అంత కోపంగా ఉంది.

మామగారు ఎడమవైపు మోకాళ్ల మీద ఉన్నాడు. నడుం నొప్పి మనిషి. నేల మీద గీత లేదు. రాతి పలకల మీద, వరసలు వరసలుగా, అరచేతంత సున్నం గుండ్రాలు ఉన్నాయి. ఆయన బానలో గుడ్డ ముంచి ఇంకొకటి దిద్దుతున్నాడు.

“ఏమిటిది మామయ్యా?”

ఆయన తలెత్తలేదు. “ఇది వడ్రంగి పెళ్లాం. ప్రసంగం ఎత్తుకోగానే నిద్ర, గోడకి ఆనుకునేది. ఇది అయ్యగారి తల్లి. ఇది చాకలాయన చెల్లెలు, కాళ్లు ఊరికే ఉంచదు. ఇక్కడ అక్కాచెల్లెళ్లిద్దరు, గుసగుసలు. ఎన్నిసార్లు తట్టానో.”

“అందరి చోట్లూ గుర్తున్నాయా?”

“ముందుకి చూసేది మీరు. నేను మిమ్మల్ని చూస్తూ నిలబడేవాడిని.” గుడ్డ పిండి, పక్క పలక మీదికి జరిగాడు. “ఇది మీ అత్త. స్తంభం చాటు, అయ్యగారి ముఖం కనబడదని రుసరుసలాడేది, అక్కడే కూర్చునేది. రేపు మగవాళ్లొచ్చి ఇక్కడ కాళ్లు బార్లా చాపుకుని కూర్చుంటే ఈ చోట్లు ఏమైపోవాలి? అందుకే వైపులు ఉండాలన్నాను.”

“మరి పిచ్చుక మీద ఎందుకు పడ్డారు?”

“మీ అత్త పక్కన ఎవరో ఒకరు ఉండొద్దా? ఆవిడ ఏనాడైనా ఒక్కతే కూర్చుందా?”

కోడలికి జాలీ కోపమూ కలిసే వచ్చాయి. ఈ మాట మొదటి రోజే చెప్పి ఉంటే! ఈ మగవాళ్లు ఏడుపుని కూడా హుకుంలాగే జారీ చేస్తారు, ఎదుటివాళ్లు విప్పుకుని చూసుకోవాలి.

“ఆ పిల్ల తన కోసం భయపడటం లేదు, తెలుసా మీకు? అది ఇటు వచ్చి కూర్చుంటే మీ వైపు కూలుతుందిట. మీ మీద. అందుకని రానంటోంది. మీ ప్రాణం కాపాడుతున్నానని బల్ల కింద కూర్చుంది అది!”

ఆయన చెయ్యి ఆగింది. సున్నం గుడ్డలోంచి కారి ఆయన మోకాలి మీద పడుతోంది.

“అత్తయ్య ఒక్కతే ఉందని మీకంత బెంగగా ఉంటే, మీరే వెళ్లి కూర్చోండి మామయ్యా. పిల్లని పంపడమెందుకు?”

“నేనా?” అన్నాడు మామగారు. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు. “నేను మగవాడిని కదమ్మాయ్.”

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే ఉంది. ఆమె బాన లాక్కుని, అడుగున మిగిలిన సున్నం సమాధులకి పంపడానికి ఇంటికి పట్టుకుపోయింది.

ఆదివారం పొద్దున ప్రభు బల్లకి రొట్టె కాల్చింది. ఎంత కాచుకుని తిప్పినా ఒక చెంప నల్లబడే వచ్చింది. గుడ్డ కప్పి, బుట్ట ఒక చేత్తో, పిచ్చుకను ఒక చేత్తో పట్టుకుని బయల్దేరింది. పిల్ల వస్తానన్నది గుమ్మం దాకానే. గుమ్మం దాటించనని తల్లి మాటిచ్చింది. మామగారితో తగువు పడాల్సి వస్తే జనం ముందే పడదామని కూడా నిశ్చయించుకుంది.

చర్చిలో మగవాళ్లంతా కుడివైపు కిక్కిరిసి కూర్చున్నారు. చొక్కాల గుండీలు ఒకటి పైకీ ఒకటి కిందికీ ఉన్నాయి. ఎడమవైపు ఎండ పడి సున్నం గుండ్రాలు తెల్లగా మెరుస్తున్నాయి. మంత్రసాని, పొత్తిళ్ల బిడ్డతో బాలింత, వాటిని తొక్కడం ఇష్టంలేక గోడవార నిలబడ్డారు. నడవలో కర్రతో మామగారు. గుమ్మంలో కోడల్నీ మనవరాలినీ చూశాడు. అందరూ వెనక్కి తిరిగారు.

పిచ్చుక జరిగి తల్లి వెనక దాక్కుని ఆమె బట్ట పిడికిట్లో బిగించింది. కోడలు గొంతు సవరించుకుంది.

మామగారు కర్ర గోడకి ఆనించాడు. నడవ దాటాడు. గుండ్రాల మధ్య చూసుకుని చూసుకుని అడుగులేస్తూ, విరిగిన స్తంభం పక్కకి వెళ్లి, రెండు మోకాళ్లూ పటపటమంటుండగా కిందికి కూలబడ్డాడు.

“పెద్దాయనా,” అన్నారు అయ్యగారు, “అది...”

“ఆడవాళ్ల వైపని నాకు తెలీదా? ఇన్నేళ్లు కాపలా కాసింది నేనే. ఇది మా ఆవిడ చోటు. ఖాళీగా ఉంటే కూర్చున్నాను.”

 వడ్రంగి లేచాడు. కాలరుకి సూది అలాగే ఉంది.

“మా ఆవిడది ఎక్కడ?”

“ఆ చివర. గోడ పక్కది.”

వడ్రంగి వెళ్లి దాని మీద కూర్చున్నాడు. కాసేపటికి తల గోడకి ఆనించాడు. ఇంకొకడు లేచి, “మా అమ్మది?” అన్నాడు. మామగారు చూపించాడు. “మా చెల్లెలిది?” చూపించాడు. ఒక్కొక్కళ్లే లేచి అడుగుతున్నారు. ప్రతి ఆదివారం ఒకే కప్పు కింద కూర్చున్నారు గాని తమ ఆడవాళ్లు ఎక్కడ కూర్చునేవారో ఒక్కడికి తెలియదు. అయ్యగారు కూడా వచ్చి తల్లి గుండ్రం ఏదో అడిగి, దాని ముందు కాసేపు నిలబడి వెళ్లారు. చూస్తుండగానే ఎడమవైపు నిండిపోయింది. కుడివైపు ఒక్కడు లేడు.

మంత్రసాని గోడవారనుంచి విడివడి కోడలి దగ్గరికి వచ్చింది. “అయింది సంబరం. ఏడవడానికి కూడా మన చోటే కావాల్సొచ్చింది వీళ్లకి. పద, మనం అటు పోదాం, ఎక్కడో ఒకచోట కూర్చోవాలి కదా.”

బాలింతను కూడా తీసుకుని కుడివైపు వెళ్లి కూర్చున్నారు. పిచ్చుక మారు మాట్లాడకుండా వచ్చి తల్లి ఒళ్లో చేరింది. అది కుడివైపే కదా. అక్కణ్నించి అయ్యగారి ముఖం ఏ అడ్డూ లేకుండా కనిపిస్తోంది. ఇంత హాయిగా ఉండేదన్నమాట వీళ్లకి, అనుకుంది కోడలు. అందులోనూ కునుకులే!

“పాట ఎత్తండి అయ్యగారూ,” అన్నాడు మామగారు అటునుంచి.

అయ్యగారు అటు చూశారు, ఇటు చూశారు. శ్రుతి అందించి ఆగారు. మొదటి వరస మగవాళ్లది. మగవాళ్లు పెదవి విప్పలేదు, ఉన్నది ఆడవాళ్ల వైపు కదా. మంత్రసాని విసుగ్గా కోడలి డొక్కలో పొడిచింది. “మనమే ఎత్తుకోవాలి కాబోలు, చస్తాం.” ముగ్గురూ ఎత్తుకున్నారు, మగవాళ్ల వరస వాళ్ల గొంతులకి కిందుగా ఉంది.

“ఎండ మండే దారిలో, ప్రభువా...”

అటునుంచి బదులు వచ్చింది. బొంగురుగా, వంకరగా, కాని అందరూ ఒక్కసారిగా, గుండె నిండా పాడారు.

“నీ నీళ్లు చాలు నాకు!”

కోడలు మంత్రసానిని చూసింది. మంత్రసాని బాలింతను చూసింది. బాలింత బిడ్డ పొత్తిళ్లలో ముఖం దాచుకుంది, భుజాలు ఊగుతున్నాయి. నీళ్లు! నీడ కదా! ‘నీ నీడ చాలు నాకు’ అని అమ్మమ్మల కాలం నుంచీ గొంతు చించుకుని పాడుతుంటే, నడవకి ఇవతల కూర్చుని వీళ్లు విన్నది నీళ్లు. ఒకడు కాదు, అందరూ! అత్తయ్య ఎంత గట్టిగా పాడేది ఆ మాట. నీడ దగ్గర గొంతు సాగదీసి, పక్కవాళ్ల గొంతు వినపడనివ్వకుండా పాడేది. ఇంట్లో మొగుడికి మాత్రం చేరలేదు.

ఆమెకి నవ్వొచ్చింది. నవ్వు ఆపుకోబోతే అది ఏడుపయింది. గిన్నె పట్టుకుని ఎవరూ గుమ్మంలో లేరు. ప్రభు బల్ల రొట్టె పక్కన పెట్టుకుని, పిండి వాసన వేస్తున్న చేతుల్లో ముఖం పెట్టుకుని, గట్టిగానే ఏడ్చింది. మంత్రసాని ఆమె వీపు మీద చెయ్యి వేసి, తనూ ముక్కు చీదింది.

పిచ్చుక మాత్రం ఒళ్లోంచి లేచి నిలబడింది. దానికి నవ్వూ లేదు ఏడుపూ లేదు, తప్పు వినపడింది అంతే.

“నీళ్లు కాదు తాతయ్యా! నీడ!”

ఆరాధనలో పిల్ల అలా అరిస్తే కర్రతో తట్టే మనిషి, చెవికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. “ఏమిటీ?”

“నీడ!”

“వినపడటం లేదే. దగ్గరికొచ్చి చెప్పు.”

నిజంగా వినపడలేదో ఏమో. పిల్ల తల్లికేసి చూసింది. తల్లి ముఖం తుడుచుకుంది గాని వెళ్లమనీ అనలేదు, వద్దనీ అనలేదు. పిచ్చుక నడవలోకి అడుగేసింది. అక్కడ ఆగింది. తాతయ్య ఇప్పుడు అటు ఉన్నాడు, ఇటు అమ్మ ఉంది. దాని లెక్క తలకిందులైంది. మడమ మీద తిరిగి తల్లిని చూసింది, కుడి గోడను పైదాకా చూసింది, మళ్లీ తాతయ్యని చూసింది. ఆయన చెయ్యి చాపి ఊపుతున్నాడు, రమ్మని. 

పిల్ల వెళ్లింది. పరిగెత్తలేదు. గుండ్రాల మీద కూర్చున్న మగవాళ్లు మోకాళ్లు ముడుచుకుని దారి ఇచ్చారు. తాతయ్య పక్కకి చేరి, కూర్చోకుండా, గిరుక్కున వెనక్కి తిరిగి కుడివైపుకేసి కళ్లప్పగించి నిలబడింది.

కోడలు లేచి నిలబడింది, పిల్లకి తను పూర్తిగా కనబడేలా. గోడ గోడలాగే ఉంది. ఏమీ పడలేదు. పిచ్చుక చాలాసేపు చూసింది. చూసి, నమ్మకం కుదిరాక, కిందికి వంగి తాతయ్య చెవిలో ఏదో చెప్పింది. ఆయన పక్కవాడికి చెప్పాడు. “నీడట.” ఆ పక్కవాడు ఇంకొకడికి చెప్పాడు. “నీడా? నీళ్లు కాదా?” “కాదట.” “మరి ఇన్నాళ్లూ...” మాట వరసల వెంట గోడ దాకా పోయింది. వడ్రంగి అది విని తల దించుకుని, పక్కనున్న రాతిని అరచేత్తో నిమిరాడు.

“ఇంకోసారి ఎత్తుకుంటున్నాం,” అంది కోడలు ఎడమవైపు మగవాళ్లతో, మండిపడుతున్న గొంతుతో, ముక్కు ఎగబీలుస్తూ. “ఈసారైనా కాస్త విని పాడండి.”